కృష్ణ ఒడ్డున డోవర్ లెక్కలు

మా అమ్మాయీ అల్లుడూ ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటారు. పోయిన సంవత్సరం ఒక సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ కొన్నారు. లోపల మంచాలు, గ్యాస్ పొయ్యి, మనిషి తిరగలేనంత బాత్‌రూమ్ ఉన్న పెద్ద వ్యాన్ అనుకోండి. జూన్‌లో మా ఇద్దరినీ అందులో కూర్చోబెట్టి బెల్జియం, హాలండ్, ఫ్రాన్స్ తిప్పుతామంటున్నారు. బ్రిటన్ చుట్టూ సముద్రమే కాబట్టి బండితో సహా ఫెర్రీ అనే ఓడ ఎక్కాలి. ఆ ఓడ టికెట్ తక్కువలో ఎలా దొరుకుతుందన్న గోల మా ఇంట్లో విమానం టికెట్ల గోలను మించిపోయింది.

హోళీకి వాళ్లు మహబూబ్‌నగర్ వచ్చినప్పుడు మా ఆవిడ మెలిక పెట్టింది. "ఇరవై రోజులు బండ్లె పండుడేంది? నా నడుము సంగతి మీకెరుక లేదా?" అమ్మాయి ఊరుకోలేదు. "అయితే ముందుగాల ఇక్కడ ఐదు రోజులు పండి చూడమ్మా" అంది. నా స్నేహితుడొకాయన ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్‌ను లోపల పడుకునేలా క్యాంపర్‌గా మార్పించుకున్నాడు. బండి ఆయనది, డీజిల్ మాది. మక్తల్ దగ్గర నుంచి వాడపల్లి దాకా కృష్ణ వెంట పోవాలి, వీలైన చోటల్లా నది దాటాలి, రాత్రిపూట కూర్చుని ఫెర్రీ టికెట్ సంగతి తేల్చాలి. అదీ ప్లాన్.

మొదటి రోజు

దేవరకద్ర, మరికల్ దాటేదాకా బాగానే ఉంది. అక్కడ అల్లుడి ఫోన్ ఏదో దగ్గరి దారి చూపించింది. ఊరి చివర రైలు పట్టాల కింద నుంచి పోయే దారి. ముందర ఇనుప కమ్మీ అడ్డంగా కట్టి ఉంది, పెద్ద లారీలు దూరకుండా. నేను వెనక సీట్లో ఉల్లిగడ్డలు వలుస్తున్నాను. "పడుతుంది మామా" అన్నాడు అల్లుడు. టక్కుమని చప్పుడు. బండి పట్టింది, పైన బిగించిన సామాను పెట్టె పట్టలేదు. దిగి చూస్తే ఫైబర్ మూల నలిగి, చీలిక వేలెడంత తెరుచుకుంది.

ఆర్టీసీ డిపోలో ముప్పై రెండేళ్లు మెకానిక్‌గా చేసినవాడిని. బస్సు ఎత్తెంత, పొడుగెంత అని నిద్రలో అడిగినా చెప్పేవాడిని. ఈ బండి ఎత్తు మాత్రం ఎక్కేముందు అడగలేదు. కంపెనీ వాడిచ్చిన ఎత్తు పెట్టె బిగించక ముందుది. తప్పు నాది కూడా.

రివర్సులో బయటపడి, పెద్ద రోడ్డెక్కి, మక్తల్ మీదుగా పంచదేవ్ పహాడ్ చేరేసరికి రెండు దాటింది. ఎదురుగా కృష్ణ మధ్యలో కురువాపురం దీవి, శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం. బండిని చెట్టు కింద వదిలేసి పుట్టి ఎక్కాం. పుట్టిని దగ్గరగా చూడని వాళ్ల కోసం చెప్తున్నాను: వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప అది. అడుగున ప్లాస్టిక్ పట్టా బిగించి తారు పూస్తారు. పూర్వం తోలు కట్టేవారట. దానికి ముందూ వెనకా ఉండవు. నడిపేవాడు ఒక పక్కనే తెడ్డు వేస్తే గుండ్రంగా తిరుగుతుంది, అందుకే ముందుకు వంగి నీళ్లను తనవైపు లాక్కుంటాడు. కూర్చునే ముందు అతను మమ్మల్ని ఒక్కొక్కరినీ పైనుంచి కిందిదాకా చూసి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పాడు. నన్ను అతనికి సరిగ్గా ఎదురుగా కూర్చోబెట్టాడు. బరువు లెక్క.

తెలంగాణ ఒడ్డున ఎక్కి రాయచూరు జిల్లాలో దిగాం. పాస్‌పోర్ట్ ఎవరూ అడగలేదు. ఈ మాట ఎందుకంటే, మూడో రోజు రాత్రి దీని మీదే పెద్ద చర్చ జరిగింది.

రాత్రి తిరిగొచ్చి, జొన్న రొట్టెలు, పల్లీల కారం తిని ఫోన్ తెరిచాం. ఫెర్రీ సైట్ ఏదైనా మొదట అడిగేది రెండే: బండి పొడవెంత, ఎత్తెంత. టికెట్ ధర తేల్చేది అవే. ఓడలో బండ్లు నిలిపే అంతస్తు ఒక బస్టాండ్ లాంటిది, ఎంత జాగా ఆక్రమిస్తే అంత డబ్బు. అల్లుడు 5.99 మీటర్లు అని కొట్టాడు. ధర ముద్దొచ్చేలా ఉంది.

"వెనక సైకిళ్ల స్టాండ్ ఉందన్నవు గదా?"

"అది బండి కాదు కదా మామా, స్టాండ్."

"ఓడల అది గాలిల నిలబడ్తదా మరి?"

అమ్మాయి నవ్వింది కానీ అప్పటికప్పుడు లీడ్స్‌లో పక్కింటాయనకు మెసేజ్ పెట్టింది, టేపు తీసుకుని కొలవమని. ముందు బంపర్ నుంచి స్టాండ్ చివరి ఇనుప ముక్క దాకా, నేల నుంచి పైకప్పు మీద అన్నిటికంటే ఎత్తుగా ఉన్న వస్తువు దాకా.

మా ఆవిడ నిద్రపోయింది. నడుము గురించి మాట్లాడలేదు.

రెండో రోజు

పొద్దున లేచేసరికి జవాబు వచ్చి ఉంది. పొడవు 6.72 మీటర్లు. ఎత్తు కాగితం మీద 2.90, పైన ఏసీ బిగించాక 3.08. అదే తేదీ, అదే ఓడ మళ్లీ వెతికితే ధర ఐదో వంతు పెరిగింది. అల్లుడి ముఖం వాడిపోయింది. తక్కువ చెప్పి టికెట్ కొనుక్కుంటే రేవులో చెక్-ఇన్ దగ్గర కొలిచి తేడా కట్టించుకుంటారు. ఓడ నిండి ఉంటే ఆ సైజు బండికి చోటే ఉండకపోవచ్చు. "స్టాండ్ విప్పి, సైకిళ్లు లోపల పెట్టుకుందామా?" అన్నాడు. సైకిళ్లే వద్దనుకుంటే? హాలండ్‌లో అద్దెకు దొరకని ఊరుండదు. అక్కడికి స్టాండ్ కథ ముగిసింది. కొత్త పొడవు ఆరు మీటర్ల లోపే. చవక టికెట్ కోసం మేం చేసిన పనుల్లో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ మిగిల్చింది ఇదొక్కటే.

జూరాల దగ్గర ఆగి డ్యామ్ మీద 62 గేట్లూ లెక్కపెట్టాలని అమ్మాయి పంతం పట్టింది. ముప్పై దాటాక తప్పింది. కింద వేడివేడి చేపల వేపుడు తిన్నాం. గద్వాలలో చీర కొనడం గురించి నేనేమీ రాయను, ఆ డబ్బుతో ఫెర్రీలో ఒక వైపు టికెట్ వచ్చేది. బీచుపల్లి ఆంజనేయస్వామికి రోడ్డు మీద నుంచే దండం పెట్టుకుని, పెబ్బేరు మీదుగా కొల్లాపూర్, అక్కడి నుంచి సోమశిల.

ఆ రాత్రి దారుల లెక్క. ఇంగ్లండ్ నుంచి అవతలి ఒడ్డుకు ఒకటే దారి అనుకున్నాను నేను. చాలా ఉన్నాయి. అన్నిటికంటే దగ్గరిది డోవర్ నుంచి ఫ్రాన్స్‌లోని కాలే. అక్కడ సముద్రం ఇరుకైన చోట వెడల్పు 33 కిలోమీటర్లు, ఓడకు గంటన్నర. డోవర్ నుంచే ఫ్రాన్స్‌లోని ఇంకో రేవు డన్‌కర్క్‌కు రెండు గంటలు. న్యూహేవెన్ నుంచి డియెప్‌కు నాలుగు గంటలు. హారిచ్ నుంచి హాలండ్‌కు పగలంతా లేదా రాత్రంతా. హల్ నుంచి రోటర్‌డామ్ రాత్రి ఓడ. ఓడ వద్దనుకుంటే ఫోక్‌స్టన్ దగ్గర సముద్రం కింద సొరంగం, రైలు మీద బండిని ఎక్కించి 35 నిమిషాల్లో దించుతారు. కానీ ఎల్పీజీతో నడిచే బండ్లను అందులోకి రానివ్వరు. వంట సిలిండర్‌కు మాత్రం పరిమితితో ఒప్పుకుంటారు.

అల్లుడి మనసు హల్ మీద ఉంది. లీడ్స్ నుంచి వంద కిలోమీటర్లే. సాయంత్రం ఎక్కి పడుకుంటే పొద్దున రోటర్‌డామ్. డోవర్ అయితే 430 కిలోమీటర్లు నడపాలి. నేను నోట్‌బుక్ తీశాను. రాత్రి ఓడలో బండికి ధర వేరు, మనుషులకు వేరు. ఎవరూ బండిలో పడుకోకూడదు, నలుగురికీ క్యాబిన్ తీసుకోవాల్సిందే. డోవర్ దగ్గరి చిన్న దారిలో ధర దాదాపు బండికే, నలుగురం కూర్చున్నా పెద్ద తేడా రాదు. పైగా డోవర్–కాలే మధ్య మూడు కంపెనీలు పోటీ పడి తిప్పుతున్నాయి, రోజంతా ఓడలు ఉంటాయి. మోటార్‌హోమ్ లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, పోను రాను డోవర్ దాకా 86 లీటర్ల డీజిల్. దారిలో ఒక రాత్రి క్యాంప్‌సైట్ అద్దె. ఇవన్నీ కలిపినా మా తేదీలకు హల్ టికెటే ఎక్కువ. ఇద్దరే పోయేవాళ్లకు, అందులోనూ ఉత్తరాన ఉండేవాళ్లకు హల్ కలిసి రావచ్చు. నలుగురికి రాలేదు.

మూడో రోజు

సోమశిలలో పొద్దున ఆరింటికి నీళ్ల మీద పొగమంచు లేదు, ఫోటోల్లో చూపించేదంతా చలికాలం సరుకు. శ్రీశైలం వెనకజలాలు తగ్గి ఒడ్డున ఎర్ర మట్టి బయటపడింది. రేవులో రెండు ఇంజన్ పడవలు.

ఇక్కడ నది దాటితే అవతల నంద్యాల జిల్లా. మనుషులు దాటతారు, మోటార్‌సైకిళ్లు దాటతాయి. మా బండి దాటదు. అడిగి చూద్దామని అల్లుడు పడవతను దగ్గరికి పోయాడు. అతను మా ట్రావెలర్ వైపు చూసి, తన పడవ వైపు చూసి, మళ్లీ అల్లుడి వైపు చూశాడు. ఆ చూపే జవాబు. మేం నలుగురం మనుషులుగా ఎక్కాం.

మాతోపాటు రెండు స్ప్లెండర్‌లు ఎక్కాయి. రేవుకూ పడవకూ మధ్య ఒక పలక వేశారు, జానెడు వెడల్పు. ఒకడు హ్యాండిల్ పట్టుకున్నాడు, ఇంకొకడు వెనక సీటు కింద చేయి వేశాడు, మూడోవాడు ఊరికే అరిచాడు. బండి ఎక్కాక స్టాండ్ వేయలేదు. ఒకదాని పక్కన ఇంకొకటి ఆనించి తాడు బిగించారు, పెట్రోల్ నాబ్ మూసేశారు. అది చూసి అల్లుడు నా భుజం తట్టాడు. ఫెర్రీలో మోటార్‌హోమ్‌కు కూడా ఇదే నియమం, ఓడ ఎక్కేముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ మూసేయాలి. ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తుంటే దాన్నీ ఆపాలి. అక్కడ ప్రయాణికులు బండ్ల అంతస్తులో ఉండకూడదు, పైకి పోవాలి. ఇక్కడ మాత్రం స్ప్లెండర్ యజమాని దారంతా దాని మీదే కూర్చున్నాడు.

"టికెట్ ఎంతన్నా, బండికింతని ఉంటదా?" అని అడిగాను.

"బండిది కాదు సార్, గాలిది చూసుకోవాలె. మధ్యాహ్నం గాలి లేస్తే వెయ్యి ఇచ్చినా తీయ."

అతను అలా అనడానికి కారణం ఉంది. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలో ఇదే నదిలో సింగోటం జాతర రోజుల్లో పడవ మునిగి యాభై మందికి పైగా పోయారు. మా డిపో నుంచి ఆ రోజుల్లో కొల్లాపూర్ తిరిగే బస్సు డ్రైవర్ ఒకాయన చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే, ఇక్కడ రాయలేను. పడవలో లైఫ్ జాకెట్లు ఉన్నాయి. మాకు ఇచ్చారు. మా ఆవిడ బెల్టు రెండుసార్లు లాగి చూసుకుంది.

సోమశిల–సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు 2022లో కేంద్రం 1,082 కోట్లు మంజూరు చేసింది. కల్వకుర్తి నుంచి నంద్యాల వైపు పోయే 167కె జాతీయ రహదారిలో భాగం. అది వస్తే హైదరాబాద్ నుంచి తిరుపతి దారి 80 కిలోమీటర్లు తగ్గుతుందన్నారు. అది లేకుండా మా బండి అవతలి ఒడ్డుకు పోవాలంటే కర్నూలు చుట్టి నూట డెబ్భై దాకా తిరగాలి. మనిషికి పడవ, బండికి కర్నూలు.

అవతలి ఒడ్డున సంగమేశ్వరంలో గుడి సగానికి పైగా బయటపడి ఉంది. జలాశయం 885 అడుగుల పూర్తి మట్టం నుంచి బాగా దిగితే తప్ప ఈ గుడి కనబడదు. గోడల మీద ఎండిన బురద పొరలు పొరలుగా లేస్తోంది, అమ్మాయి గోరుతో ఒక పెంకు తీసింది, లోపల రాయి నల్లగా తడి తడిగా ఉంది. వేప మానుతో చేసిన లింగం. నెలల తరబడి నీళ్లలో ఉంటుంది, పుచ్చదు. పూజారి తొందరగా హారతి ఇచ్చాడు, గాలి లేవకముందే వెనక్కి పొమ్మన్నాడు.

రాత్రి వీసా చర్చ. ఫెర్రీలో రెండు రకాల టికెట్లు. ఒకటి చవకది, తేదీ మారిస్తే జరిమానా లేదా డబ్బు పోతుంది. రెండోది కాస్త ఎక్కువ, మార్చుకోవచ్చు. మనవాళ్లు సహజంగా మొదటిది కొంటారు. కానీ అమ్మాయీ అల్లుడికి ఉన్నవి బ్రిటిష్ పాస్‌పోర్ట్‌లు, మావి ఇండియన్‌వి. ఇంగ్లండ్ వీసా వేరు, అవతలి ఒడ్డుకు షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా, వేరు. 2024 జూన్ నుంచి షెంగెన్ ఫీజు మనిషికి 90 యూరోలు. ఎక్కువ రోజులు ఉండే దేశం తరఫున దరఖాస్తు చేయాలి. పాస్‌పోర్ట్ ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేం. డోవర్‌లో ఓడ ఎక్కకముందే ఫ్రెంచ్ పోలీసులు కూర్చుని పాస్‌పోర్ట్, వీసా చూస్తారు, వీసా లేకపోతే ఓడ దాకా కూడా పోలేం. అంటే చవక టికెట్ కొని, వీసా వారం ఆలస్యమైతే మొత్తం పోయినట్టే. ఈ సంగతి ఇంగ్లండ్ వాళ్ల సలహాల్లో ఎక్కడా ఉండదు, వాళ్లకు ఆ బాధ లేదు. వీసా స్టాంప్ పడ్డాకే చవకది కొందాం, లేదా ఇప్పుడే మార్చుకునేది కొందాం అని ఆగిపోయాం.

నాలుగో రోజు

ఎక్కువ భాగం రోడ్డే. అచ్చంపేట, డిండి, దేవరకొండ, నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట, 26 గేట్లు. లాంచీలో నాగార్జునకొండ చూసి వచ్చాం. నీళ్లు నింపకముందు లోయలోని కట్టడాలను రాయి రాయి విప్పి పైకి చేర్చారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. లాంచీలో మా ఆవిడ పక్కన కూర్చున్న గుంటూరు ఆమెతో మా జూన్ ప్రయాణం గురించి చెప్తూ, "రెండు కిలోల నెయ్యి, నాటుకోడి పచ్చడి తీస్కపోతున్న" అంది.

అమ్మాయి నీళ్ల వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక, 2021 నుంచి అక్కడి నుంచి అవతలి ఒడ్డుకు మాంసం, పాలతో చేసిన ఏ వస్తువూ తీసుకుపోకూడదు. నెయ్యి, పెరుగు, పనీర్, కోడి పచ్చడి అన్నీ అందులోకే వస్తాయి. దొరికితే రేవులోనే పారేయిస్తారు.

"ఆవకాయ?"

"దానికేం కాదమ్మా."

"నెయ్యి లేకుంట ఆవకాయేంది?" అని మా ఆవిడ ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు. చివరికి గుంటూరు ఆమె ఇచ్చిన సలహానే గెలిచింది: నెయ్యి ఇంట్లోనే వదిలేయండి, బెల్జియంలో వెన్న కొనుక్కుని కాచుకోండి, పొయ్యి బండిలో ఉంది కదా.

ఐదో రోజు

మిర్యాలగూడలో చిన్నమ్మ ఇంట్లో టిఫిన్. రైస్ మిల్లుల ఊక వాసన ఊరంతా. అక్కడి నుంచి దామరచర్ల మీదుగా వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. ఒకటి స్వామి ఊపిరి తగిలినట్టు కదులుతుంది, కిందిది కదలదు. అల్లుడు దాని కారణం కనుక్కోవాలని చాలాసేపు నిలబడ్డాడు. వెనక క్యూ వాళ్లు కనుక్కోనివ్వలేదు.

మా ఆవిడ పుట్టిల్లు మట్టపల్లి వైపు. పెళ్లయిన కొత్తలో బల్లకట్టు మీద దాటిన సంగతి మెట్ల మీద కూర్చుని పిల్లలకు చెప్పింది. రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన పలకలు పరిచి, ఎడ్లబండిని ఎక్కించేవారు. ఎడ్లను విప్పి పక్కన నిలబెట్టేవారు. "బండికెంత, మనిషికెంత అని అప్పుడు గూడ బేరమే. మీ నాయిన నన్ను బండ్లె కూసోమన్నడు, బండి పైసల్లనే పోతనని." ఇది నిజం కాదు. సగం నిజం.

ఆ మెట్ల మీదే టికెట్ కొన్నాం. డోవర్ నుంచి డన్‌కర్క్, జూన్ నెల మధ్యలో ఒక మంగళవారం, తెల్లవారుజాము ఓడ. డన్‌కర్క్ ఎందుకంటే బెల్జియం సరిహద్దుకు కాలే కంటే దగ్గర, మా తేదీకి ధర కూడా కాస్త తక్కువ. శనివారం మధ్యాహ్నం అదే ఓడకు దాదాపు రెట్టింపు చూపించింది. ఇంగ్లండ్‌లో బడి సెలవులు జూలై చివర మొదలవుతాయి, ఆ తర్వాత ధరలు చూడకపోవడమే మంచిది. రాను టికెట్ విడిగా వెతికి చూశాం. రెండు వైపులా ఒకే కంపెనీలో కొంటేనే చవక అన్న నమ్మకం ప్రతిసారీ నిజం కాదు, మాకు మాత్రం ఈసారి నిజమైంది. మార్చుకోగలిగే రకమే తీసుకున్నాం. అల్లుడు డబ్బు కట్టేముందు పొడవు, ఎత్తు రెండూ గట్టిగా చదివాడు, నేను తలూపాక నొక్కాడు.

సాయంత్రం మహబూబ్‌నగర్ తిరుగుదారిలో మా ఆవిడను నడుము సంగతి అడిగాను. "నడుముకేం కాలే, నీ గురకే" అంది.

బండి అప్పగించినప్పుడు స్నేహితుడు పెట్టె మూల చూశాడు. చీలికలో వేలు పెట్టి లోతు కొలిచాడు. నేను జేబులోంచి టేపు, పసుపు పెయింట్ డబ్బీ, సన్న కుంచె తీశాను. డ్రైవర్ ముందు, అద్దం పైన, మా డిపోలో బస్సులకు రాసినట్టే రాశాను: ఎత్తు 2.97 మీ. ఆయన మరమ్మతు డబ్బులు తీసుకోలేదు. కుంచె మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు, పొడవు కూడా రాసుకుంటానని.